ఆఖరున పిలిచిన తల్లి

మా పెద్దదోర్నాల వైపు రాయబారం నాటకమంటే తెల్లవార్లూ జనం కదలరు. తిరుపతి వేంకట కవుల పద్యాలు చదువురానివాళ్లకూ నోటికి వచ్చు. కాని ఆ కౌరవసభకు ఒక తల్లి కూడా వచ్చిందన్న సంగతి మనలో ఎందరికి గుర్తు?

పాండవులు చివరికి అయిదూళ్లు చాలన్నారు. సూదిమొన మోపినంత నేల కూడా ఇయ్యనన్నాడు దుర్యోధనుడు. భీష్మ ద్రోణ విదురులు చెప్పినా వినక సభలోంచి లేచిపోయాడు. అప్పుడు గాని ధృతరాష్ట్రునికి భార్య గుర్తుకు రాలేదు!

గాంధారి వచ్చి ముందుగా మందలించింది కొడుకును కాదు, భర్తనే. వాడి బుద్ధి తెలిసి కూడా వాడి వెంటే నడిచావు, తప్పు నీదేనన్నది. తర్వాత కొడుకును పిలిపించి, సగం రాజ్యం నీకు చాలదా నాయనా అని నచ్చజెప్పింది. అతడు మళ్లీ లేచిపోయి రాయబారినే బంధించబోయాడు. సంధి చెడింది. యుద్ధంలో ఆమె నూరుగురు కొడుకుల్లో ఒక్కడూ మిగల్లేదు.

నిజానికి పదమూడేళ్ల క్రితం, రెండో జూదానికి పిలిచేటప్పుడే ఆమె వద్దన్నది. ఆనాడు భర్త వినలేదు.

మన ఇళ్లలోనూ గట్టు తగాదా కోర్టుకెక్కాక గాని "నువ్వేమంటావు?" అని ఇల్లాలిని అడగరు. అప్పటికి చెప్పడానికి ఏం మిగులుతుంది?