ఇస్తీఫా

మొన్న ఇత్వార్ నాడు మా భాంజా సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గరికి రమ్మన్నాడు. చాయ్ చెప్పి చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి నోరు తెరిచాడు.

"మామూ, రేపు మా బాస్‌కు నౌకరీ వదిలేస్తున్నానని చెప్పాలె. ఎట్ల చెప్పాలె?"

"ఎందుకు వదిలేస్తున్నవ్ బేటా?"

"తప్పుడు లెక్కల మీద దస్తఖత్ పెట్టమంటున్నరు. కానీ లెటర్‌ల అది రాయను. ఇంట్ల పరేశానీ ఉందని రాస్త. ఎవరితోని దుష్మనీ ఎందుకు?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. హైదరాబాద్ రియాసత్ ఆఖరి ఏడాదిలో ఇచ్చిన మూడు ఇస్తీఫాలు యాదికొచ్చాయి. మూడూ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హుకూమత్‌కు ఇచ్చినవే.

మొదటిది నవాబ్ ఛత్తారీది. ఆయన సదరే ఆజం. 1947 అక్టోబర్‌లో భారత్‌తో యథాతథ ఒప్పందం కోసం ఆయన బృందం ఢిల్లీకి బయలుదేరాల్సి ఉంది. 27వ తారీఖు తెల్లవారకముందే ఇత్తెహాద్ జనం వాళ్ల ఇళ్లను చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. నిజాం కూడా జనం వైపే మొగ్గాడు. తన మాటకు విలువ లేని కుర్సీలో ఇంకేం కూర్చుంటాడు? కొద్దిరోజుల్లోనే ఛత్తారీ తప్పుకున్నాడు. ఒప్పందం నవంబర్ 29న కుదిరింది గానీ, అప్పటికి కుర్సీ మీర్ లాయఖ్ అలీ చేతికి పోతోంది.

రెండోది ఆ లాయఖ్ అలీదే. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం సరిహద్దు దాటింది. ఐదో రోజు, 17న, ఆయన వజారత్ మొత్తం ఇస్తీఫా ఇచ్చింది. బొల్లారంలో ఉన్న భారత ఏజెంట్ జనరల్ కె.ఎం. మున్షీకి కబురు వెళ్లింది. ఆ రోజే నిజాం రేడియోలో మాట్లాడాడు. మరునాడు జనరల్ ఎల్ ఎద్రూస్, జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాడు. అంతా అయిపోయాక ఇచ్చిన ఇస్తీఫా అది. అది ఎవరినీ కాపాడలేదు.

ఈ రెండింటి నడుమ వచ్చింది మూడోది. మన ఇళ్లల్లో దాని జికర్ ఎక్కడా వినపడదు. ఫరీద్ మీర్జా అని ఒక సర్కారీ అధికారి. నాందేడ్ ప్రాంతంలో కొలువు. రజాకార్ల జుల్మ్ కళ్లారా చూశాడు. చేసేవాళ్లు తన ఖౌమ్ వాళ్లే, ఊరుకుంటున్నది తాను ఉప్పు తింటున్న హుకూమతే. నౌకరీ వదిలేశాడు. అంతటితో ఆగలేదు. 1948లో ఏడుగురు ముస్లిం పెద్దలు రజాకార్లను రద్దు చేయాలని, భారత్‌లో కలవాలని బయాన్ ఇచ్చారు. బాఖర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్ వంటి వాళ్లతో పాటు ఫరీద్ మీర్జా దస్తఖత్ కూడా దాని మీద ఉంది.

ఆ దస్తఖత్ ఖరీదు ఎంతో తెలియాలంటే షోయబుల్లా ఖాన్‌ను యాది చేసుకోవాలి. ఆ బయాన్‌ను అచ్చేసిన 'ఇమ్రోజ్' ఎడిటర్. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి వస్తుంటే దారి కాసి నరికారు. చేయి తెగ్గొట్టారు. తెల్లారేసరికి ఆయన లేడు. నిండా ఇరవై ఎనిమిదేళ్లు కూడా లేవు.

ఫరీద్ మీర్జా బతికాడు. పోలీస్ యాక్షన్ తర్వాత అవే జిల్లాల్లో బేగునా ముస్లింలను చంపారు, ఇళ్లు దోచారు. దాన్ని కూడా ఆయన దాచకుండా పుస్తకంలో రాశాడు. రజాకార్లను కాదన్న మనిషే వాళ్ల పేరుతో బలైపోయిన వాళ్ల తరఫున గవాహీ ఇచ్చాడు. ఏటా సెప్టెంబర్ 17 రాగానే మనల్ని జవాబు అడుగుతారు. మన దగ్గర ఈ పేర్లున్నాయి. మన పిల్లలకే చెప్పలేదు.

నా సంగతి కూడా ఒప్పుకోవాలి. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత నేను పనిచేస్తున్న పత్రికలో మన పిల్లల ఫొటోలకు ముందే నేరం అంటగట్టి హెడ్డింగ్ పెట్టారు. ఆ రాత్రి జేబులో ఇస్తీఫా పెట్టుకుని ఎడిటర్ గది దాకా పోయాను. ఇంటి కిరాయి గుర్తొచ్చింది. వాపస్ వచ్చాను. తర్వాత ఆ పిల్లల్ని అదాలత్ బేగునా అని వదిలేసింది. నేను మాత్రం మూడేళ్లకు వదిలేశాను, వేరే చోట తన్ఖా ఎక్కువిస్తామంటే. ఆ లెటర్‌లో 'వ్యక్తిగత కారణాలు' అని రాశాను. అది అబద్ధం కాదు. అదే నా బాధ.

ఇదంతా వాడికి చెప్పాను. చాయ్ చల్లారిపోయింది.

"అయితే ఏం రాయమంటవ్ మామూ?"

"అదబ్‌తో రాయి. ఎవర్నీ తిట్టకు. కానీ ఎందుకు పోతున్నవో ఒక్క లైను సచ్ రాయి. వాళ్ల కోసం కాదు, నీ కోసం."

వాడు ఫోన్ తీసి, ముందే రాసిపెట్టుకున్న లెటర్‌లోంచి 'ఇంటి పరేశానీ' అన్న మాట కొట్టేశాడు. దాని చోట ఏం రాశాడో నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.