సికిల్ సెల్ చెప్పిన సాక్ష్యం

మలేరియా వచ్చినందుకు పిల్లలు ఎదగట్లేదా, ఎదగని పిల్లలకే మలేరియా ఎక్కువ వస్తోందా? రెండూ ఒకదానికొకటి కారణమైనప్పుడు మామూలు రిగ్రెషన్ ఏదీ తేల్చలేదు. పైగా రెండింటి వెనకా పేదరికం ఉంటుంది.

ఈ చిక్కుకి దారి 1928లో అమెరికాలో ఫిలిప్ రైట్ చూపించాడు, అదీ నూనెల మీద సుంకాల గురించి రాసిన పుస్తకం అనుబంధంలో! ధర, అమ్మకం ఒకదాన్నొకటి నిర్ణయిస్తాయి కదా. వాటిలో ఒక వైపుని మాత్రమే కదిలించే బయటి కారణాన్ని పట్టుకోవాలన్నాడు. దాన్నే ఇప్పుడు ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ అంటున్నాం.

మలేరియాకి అలాంటిది మన నెత్తురులోనే ఉంది. 1952లో నీలగిరి ఆదివాసుల్లో సికిల్ సెల్ బయటపడింది. అమ్మ నుంచో నాన్న నుంచో ఆ జన్యువు ఒక్కటే వచ్చినవాళ్లకి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. (ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఈ తేడా మనలో చాలామందికి ఇంకా తెలీదు.) జన్యువు పుట్టుకతో వస్తుంది, తిండిని చూసి రాదు. అందుకే 2013లో అచ్చయిన ఒక ఘానా అధ్యయనం దాన్నే ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడింది. మలేరియా పిల్లల ఎదుగుదలని దెబ్బతీస్తుందనే తేలింది.

షరతు ఒకటుంది: ఆ జన్యువు మలేరియా ద్వారా తప్ప వేరే దారిలో ఎదుగుదలని తాకకూడదు. డేటా ఒక్కటే దీన్ని రుజువు చెయ్యలేదు.

ఇకమీదట మన ఏజెన్సీ పిల్లల్ని చూసి "తల్లులు సరిగ్గా తిండి పెట్టరు" అన్నవాళ్లని అడుగుదాం: ఈ ఊరికి దోమతెరలు చివరిసారి ఎప్పుడిచ్చారు?