ఇసుక మీద గుడి

మా పడగ్గది గోడకు ఓ మూల బీట ఉంది. వేసవిలో నోరు తెరుస్తుంది, వానలు పడ్డాక కాస్త మూసుకుంటుంది. మేస్త్రి చూసి, "ఏముందమ్మా, సిమెంటు పూసి రంగేస్తే కనబడదు" అన్నాడు. మావారూ సరేనన్నారు. పైన ఇంకో అంతస్తు వేయాలని వారి సరదా. నాకు మాత్రం నిద్ర పట్టదు. ఆ గోడ పక్కనే కదా పిల్లలు పడుకునేది!

ఆ బెంగతోనే మొన్న కార్తీకంలో పాలంపేట రామప్ప గుడికి వెళ్ళాను. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అందరూ తలలెత్తి మదనికల సొగసు చూస్తుంటే, నా కళ్ళు నేల మీదే ఉన్నాయి. మండపం గచ్చు చదునుగా లేదు. అక్కడక్కడ కుంగి, అలలు తేలినట్టుంది. అయినా గుడి నిలిచే ఉంది, ఎనిమిది వందల ఏళ్ళుగా!

ఎలా నిలిచింది? ఆ రహస్యం పునాదిలో ఉందంటారు ఇంజనీర్లు. కాకతీయుల స్థపతులు గొయ్యి తీసి, అందులో ఇసుక నింపి గట్టిపరచి, దాని మీద రాతికట్టడం లేపారు. ఇసుక మీద గుడేమిటని నవ్వకండి. గచ్చు మీద బియ్యం కుప్ప పోసి చెయ్యి ఆనిస్తే చెదిరిపోతుంది. అదే బియ్యం డబ్బాలో కుదించి నింపి, పైన రుబ్బురోలు పెట్టండి, కదలదు. చుట్టూ కట్టడి ఉంటే ఇసుకా అంతే. బరువును అన్ని వైపులకూ పంచుతుంది. తడిసినా ఉబ్బదు, ఎండినా కుంచించుకుపోదు. నేల కదిలినా, ఆ కుదుపును కొంత తనలోనే అణచుకుంటుంది.

పైన బరువు తగ్గించడమూ వాళ్ళకు తెలుసు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో వేస్తే తేలేటంత తేలికైనవి. తలమీది బుట్ట తేలికైతే నడుముకి శ్రమ తగ్గదూ!

ఇది పాతకాలపు ముచ్చటేం కాదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని మన కాలంలో రాయి రాయీ విప్పి, మళ్ళీ నిలబెట్టారు. అప్పుడూ పునాదికి ఆ ఇసుక పద్ధతినే వాడారు. 2024 మార్చిలో దాన్ని తిరిగి తెరిచారు.

ఇంటికి రాగానే, మేస్త్రిని కాదని ఇంజనీరును పిలిపించాను. ఆయన గోడకేసి చూడనే లేదు. నేరుగా పెరట్లోకి వెళ్ళి మట్టి పిసికి చూశారు. "నల్లరేగడి అమ్మా. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మీ స్నానాల గది నీళ్ళన్నీ గోడ మొదట్లోకే పోతున్నాయి. బీట గోడది కాదు, నేలది" అన్నారు.

నీళ్ళు దూరంగా పోయేలా కాలువ తీయించాం. ఇంటి చుట్టూ గచ్చు చేయించాం. పై అంతస్తు సంగతి పునాది పరీక్ష అయ్యాకే అని మావారికి చెప్పేశాను. "రామప్ప గుడి చూసొచ్చి ఇంజనీరువయ్యావే" అని నవ్వారు గానీ, ఒప్పుకున్నారు.

బీట మీద ఇంకా సిమెంటు పూయనివ్వలేదు నేను. రెండు వేసవులు చూశాకే ఆ రంగూ, హంగూ!