గాజు కొనలేక ప్లాస్టిక్ కప్పిన మాస్టారు: పాలీహౌస్ పుట్టిన కథ

ఈ ఎపిసోడ్‌లో పాలీహౌస్ చరిత్ర మాట్లాడుకుందాం. "అర ఎకరంలో మొదటిసారి పాలీహౌస్ వేద్దామనుకుంటున్నాం, కీరా పెట్టమంటారా, క్యాప్సికం పెట్టమంటారా?" అని అడిగేవాళ్లు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. పంట సంగతి చివర్లో చెప్పుకుందాం. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ప్లాస్టిక్ ఇల్లు అసలు ఎక్కడ పుట్టింది? దేన్ని ఆపడానికి పుట్టింది? ఇది తెలిస్తే మన పొలంలో దాంతో ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో సగం తెలిసినట్టే. లక్షల్లో అప్పు తెచ్చే ముందు కాసేపు చరిత్ర వింటే పోయేదేమీ లేదు కదా.

ముందుగా రెండువేల ఏళ్లు వెనక్కి, రోమ్‌కి వెళ్దాం. టైబీరియస్ చక్రవర్తికి దోసజాతి కాయలంటే ప్రాణం, రోజూ ఉండాల్సిందే. ఆయన కోసం తోటమాలులు చక్రాలున్న మడుల్లో పాదులు పెంచేవారట. ఎండ ఉన్నప్పుడు బయటికి లాగడం, చలిరోజుల్లో పారదర్శకమైన రాతిపలకల కిందికి తోయడం. ఈ సంగతి ప్లినీ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. ఆ రాయి పలచటి రేకులుగా చీలే ఒక రకం జిప్సం. అంటే కప్పు కింద కూరగాయలు పెంచడమనే ఆలోచన పాతదే, కాకపోతే అది చక్రవర్తికి మాత్రమే అందేది.

తర్వాత యూరప్‌లో గాజు ఇళ్లు వచ్చాయి. అవీ జమీందార్లవే. బ్రిటన్‌లో దాదాపు వందేళ్ల పాటు గాజు మీద పన్ను ఉండేది, 1845లో ఎత్తేశారు. ఆ తర్వాత ఆరేళ్లకే, 1851లో, లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ లేచింది. దాన్ని డిజైన్ చేసిన జోసెఫ్ పాక్స్‌టన్ ఎవరనుకున్నారు? ఒక డ్యూక్ గారి తోటలో హెడ్ గార్డెనర్. గాజు ఇళ్లు కట్టీ కట్టీ అంత పెద్ద భవనం కట్టగలిగాడు. పన్ను పోయినా గాజు బరువు పోలేదు కదా. బరువైన గాజుకి బలమైన చట్రం కావాలి, గట్టి పునాది కావాలి. చిన్న రైతుకి అది అందేది కాదు.

ఇప్పుడు 1933కి వద్దాం. ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీ ల్యాబులో రెజినాల్డ్ గిబ్సన్, ఎరిక్ ఫాసెట్ అని ఇద్దరు కెమిస్టులు విపరీతమైన ఒత్తిడిలో ఇథిలీన్ వాయువు మీద ప్రయోగం చేస్తుంటే, అనుకోకుండా పాత్రలో తెల్లటి మైనం లాంటి పదార్థం మిగిలింది. అదే పాలిథీన్. 1939లో ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలైంది. యుద్ధకాలంలో దాని ముఖ్యమైన పని రాడార్ కేబుళ్లకి తొడుగుగా ఉండటం. యుద్ధం అయిపోయాక ఈ సరుకుని ఇంకెక్కడెక్కడ వాడొచ్చా అని వెతుకులాట మొదలైంది.

అసలు కథ ఇక్కడుంది చూడండి. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయంలో ఎమెరీ ఎమర్ట్ అని ఉద్యానశాస్త్రం మాస్టారు ఉండేవారు. ఆయనకి గ్రీన్‌హౌస్ కావాలి, కానీ గాజుకి డబ్బు లేదు. 1948లో ఆయన చెక్క చట్రం కట్టి దాని మీద సెల్లోఫేన్ కాగితం పరిచాడు. మిఠాయి పొట్లాల చుట్టూ మెరుస్తూ ఉంటుందే, అదే రకం. తర్వాత తర్వాత పాలిథీన్ షీటుకి మారాడు. ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌కి మూలపురుషుడిగా ఇవాళ చాలామంది ఈయన్నే చెప్పుకుంటారు. ఆయన ప్రచారం చేసిన మాట ఒకటే: తక్కువ ఖర్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

సరే, ఇది పనిచేసేది ఎలా? ఎండని లోపలికి రానిచ్చి, వేడి కిరణాలని బయటికి పోనివ్వదని స్కూల్లో చదువుకున్నాం. 1909లో ఆర్.డబ్ల్యూ. వుడ్ అనే భౌతికశాస్త్రవేత్త రెండు పెట్టెలు తయారుచేశాడు. ఒకదానికి గాజు మూత. రెండోదానికి రాతి ఉప్పు పలక మూత, వేడి కిరణాలు దాంట్లోంచి తేలిగ్గా బయటికి పోతాయి. రెండిట్లోనూ వేడి దాదాపు ఒకేలా పెరిగింది. తేలిందేంటంటే, లోపల వేడెక్కిన గాలి పైకి లేచి పోకుండా మూత ఆపుతోంది, వేడికి ముఖ్య కారణం అదే. పాలీహౌస్ అంటే గాలిని బంధించే ఇల్లన్నమాట. కెంటకీ చలికి అది వరం. మరి మనకి?

ఆ ప్రశ్నకి వచ్చే ముందు ఇంకో రెండు విషయాలు. మామూలు పాలిథీన్ షీటు కూడా ఆ ఉప్పు పలక లాంటిదే, వేడి కిరణాలని పెద్దగా ఆపదు. అందుకే ఆకాశం తేటగా ఉన్న చలిరాత్రి లోపలి వేడి తొందరగా పోతుంది. దీనికి విరుగుడుగా 1960ల్లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో విలియం రాబర్ట్స్ అనే ఇంజనీరు రెండు షీట్ల మధ్య గాలి నింపి కప్పే పద్ధతి తెచ్చాడు. ఇక రెండోది, ఎండకి పాలిథీన్ పెళుసెక్కిపోతుంది. తొలినాళ్ల షీట్లు ఒక్క సీజను దాటడమే కష్టం. అల్ట్రావయొలెట్ కిరణాలని తట్టుకునే మందులు కలిపాక మూడు, నాలుగేళ్లు వస్తోంది. మన దగ్గర వాడే 200 మైక్రాన్ల షీటు ఈ కోవలోదే.

ఇప్పుడు స్పెయిన్ వెళ్దాం. దక్షిణ తీరంలో అల్మేరియా అని ఒక జిల్లా, యూరప్‌లోనే బాగా ఎండిన ప్రాంతాల్లో ఒకటి. ఏడాదికి 200 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన. మన అనంతపురం దానికంటే ఎంతో నయం. ఫ్రాంకో ప్రభుత్వం అక్కడ బావులు తవ్వించి, పేద కుటుంబాలకి చిన్న చిన్న కమతాలిచ్చింది. నీళ్లు కొంచెం ఉప్పన. రైతులు మట్టి మీద పశువుల ఎరువు, దానిమీద ఇసుక పొర వేసి తేమ ఆరకుండా చూసుకున్నారు. 1960ల మొదట్లో, ద్రాక్ష పందిళ్లు వేసే గుంజలు, తీగల మీదే ప్లాస్టిక్ పరిచారు. అంటే కొత్త డిజైనేమీ కాదు, తెలిసిన పందిరికే కప్పు. ఇవాళ అక్కడ ముప్పై వేల హెక్టార్లకి పైగా ప్లాస్టిక్ కిందే ఉంది. అంతరిక్షం నుంచి చూస్తే తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. చలికాలంలో యూరప్ తినే టమాటా, క్యాప్సికంలో చాలా భాగం అక్కడిదే.

దీనికి ఖరీదు కూడా కట్టారండీ. భూగర్భజలం తోడీ తోడీ సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చింది. మొరాకో నుంచి వచ్చిన కూలీలు ప్లాస్టిక్ గుడిసెల్లో బతికారు. 2000 ఫిబ్రవరిలో ఎల్ ఎహీదో పట్టణంలో వాళ్లమీద రోజుల తరబడి దాడులు జరిగాయి. 2006 చివర్లో అక్కడి క్యాప్సికంలో నిషేధించిన పురుగుమందు దొరికి జర్మనీలో గగ్గోలైంది. ఆ దెబ్బతో రైతులు ఒకటి రెండు సీజన్లలోనే మిత్రపురుగుల వైపు పెద్దఎత్తున మళ్లారు.

మనం పట్టుకోవాల్సింది వాళ్లు వేసవిలో చేసే పని. ఎండలు ముదిరేసరికి అల్మేరియా రైతులు కప్పు మీద సున్నం లాంటి తెల్లపూత పూస్తారు. చాలామంది నడివేసవిలో పంటే పెట్టరు, ఇల్లు ఖాళీగా ఉంచుతారు. లోపల మొక్క బతకదని వాళ్లకి తెలుసు. ప్లాస్టిక్ సేద్యానికి రాజధాని అనిపించుకున్న చోటే అలా చేస్తుంటే, ఏప్రిల్, మే నెలల్లో చేవెళ్లలోనో కడపలోనో పన్నెండు నెలలూ పంట తీయొచ్చని ఎవరైనా చెబితే మనం కాస్త ఆగి ఆలోచించాలి.

మన దేశంలో లేహ్ లాంటి చోట చలికి ఆకుకూర కూడా దొరకదు. అక్కడ రక్షణ పరిశోధన సంస్థ సైనికుల కోసం గ్రీన్‌హౌస్ పద్ధతులు అభివృద్ధి చేసింది. అక్కడ పాలీహౌస్ పుట్టిన కారణం అలాగే నిలబడింది. తెలంగాణలో 2014 తర్వాత ప్రభుత్వం 75 శాతం సబ్సిడీ ప్రకటించాక హైదరాబాద్ చుట్టుపక్కల పాలీహౌస్‌లు జోరుగా లేచాయి. మన శత్రువు చలి కాదు. అకాల వాన, వడగళ్లు, తెల్లదోమ, మండే ఎండ. వానని, పురుగుని ఇది బాగానే ఆపుతుంది. ఎండ వేడిని మాత్రం ఆపదు సరికదా, పెంచుతుంది. అందుకే మనకి ఎత్తైన కప్పు, పైన గాలిపోయే సందు, పక్కల చుట్టగలిగే తెరలు, పురుగు దూరని సన్నటి వల, ఫాగర్లు, ఇవన్నీ కావాల్సొచ్చాయి. ఖర్చు ఎకరానికి ముప్పై, నలభై లక్షల మాటయింది. గాజు కొనలేని మాస్టారి చవక ఇల్లు మన ఊరికొచ్చేసరికి చిన్న రైతు అప్పు చేయకుండా కట్టలేని ఇల్లయింది. షీటు చిరిగిపోయి ఇనప చట్రాలే మిగిలినవి దారిపక్కన కనిపిస్తాయి చూడండి. సబ్సిడీ మొదట ఒకసారి వస్తుంది. షీటు మార్చే ఖర్చు మాత్రం నాలుగో ఏడు వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.

ఇక మొదట ఏం పెట్టాలి? లోపలికి తేనెటీగ రాదు. కాబట్టి తేనెటీగ అక్కర్లేని పంట కావాలి. పరాగసంపర్కం లేకుండానే కాయ కట్టే గింజలేని కీరా రకాలున్నాయి. క్యాప్సికం పువ్వు తనంతట తానే ఫలదీకరణం చేసుకుంటుంది. ఈ రెండే ఎక్కువ వినిపించడానికి కారణం ఇదీ. మామూలు బీర, సొర లోపల పెడితే మీరే పొద్దున్నో సాయంత్రమో పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దాలి. ఇంకోటి, లోపల వాన పడదు కాబట్టి ఎరువుల ఉప్పు మట్టిలోనే పేరుకుంటుంది. ఒకే పంట మళ్లీ మళ్లీ వేస్తే వేళ్లకి బుడిపెలు తెప్పించే నులిపురుగులు తిష్ట వేస్తాయి. కాబట్టి పంట మార్చండి. నడివేసవిలో బెడ్లు తడిపి, మీద పలచటి ప్లాస్టిక్ పరిచి నాలుగైదు వారాలు ఎండకి వదిలేయండి. అల్మేరియాలో ఖాళీగా ఉంచే నెలల్లో చాలామంది చేసే పనే ఇది. మనకి శత్రువైన ఎండ అప్పుడు మనకే కూలి చేస్తుంది.

చివరిగా ఒక్కమాట. అరెకరం మీద చేయి వేసే ముందు, పెరట్లో నాలుగు వంచిన పైపుల మీద చిన్న గూడులా షీటు కప్పి చూడండి. లోపల గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రత చూపే థర్మామీటరు వేలాడదీసి ఉగాది నుంచి మృగశిర దాకా రోజూ రాసుకోండి. ఆ అంకెలు పట్టుకుని బ్యాంకుకి వెళ్లాలా వద్దా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. షేడ్‌నెట్ చాలనిపిస్తే అదే వేసుకోండి, తప్పేం లేదు. వచ్చే ఎపిసోడ్‌లో డ్రిప్ పైపు కథ చెప్పుకుందాం.