నుదుటి రాత, నెత్తుటి రాత

మా మనవరాలు పుట్టిన మూడో వారంలో మా అబ్బాయి ఇంటికి రాష్ట్ర ఆరోగ్యశాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పుట్టిన ప్రతి బిడ్డ మడమ మీద సూదితో పొడిచి, నాలుగు చుక్కల నెత్తురు అట్టముక్క మీద అద్ది పరీక్షకి పంపడం ఈ దేశంలో మామూలే. ఆ పరీక్షలో పాపకి "సికిల్ సెల్ ట్రెయిట్" ఉన్నట్టు తేలిందిట. ఇది జబ్బు కాదు, మందు అక్కర్లేదు, తల్లిదండ్రులిద్దరూ ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిది అని రాశారు.

ఉత్తరం సంగతి విని మా ఆవిడ అన్న మొదటి మాట: "అది నల్లవాళ్ళకొచ్చే జబ్బు కదండీ! మన పిల్లకెందుకుంటుంది? కాగితాలు తారుమారయ్యుంటాయి." రెండో మాట: "ఎవరికీ చెప్పకండి. రేపు పిల్ల పెళ్ళికి అడ్డొస్తుంది."

మూడు వారాల పిల్లకి అప్పుడే పెళ్ళి బెంగ! నవ్వొచ్చింది. కాని నిజం ఒప్పుకోవాలి, నా మనసులో మెదిలిన మొదటి ఆలోచన కూడా అదే. తర్వాత అబ్బాయి, కోడలు పరీక్ష చేయించుకున్నారు. కోడలికి లేదు, అబ్బాయికి ఉంది. వాడికెక్కడినుంచి వచ్చిందో చూద్దామని మేమిద్దరం కూడా చేయించుకున్నాం. మా ఆవిడకి లేదు. నాకుంది. డెబ్భై ఏళ్ళుగా నా ఒంట్లో కాపురం ఉంటూ ఒక్క రోజు కూడా తలుపు తట్టని అతిథి అది. ఆ అతిథి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుందామని కూర్చుంటే, మొదటి అధ్యాయం మేముండే షికాగోలోనే మొదలైంది.

వెస్టిండీస్‌లోని గ్రెనడా దీవి నుంచి వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే కుర్రవాడు 1904లో దంతవైద్యం చదువుకోవడానికి షికాగో వచ్చాడు. మనలాగే, చదువు కోసం సముద్రం దాటినవాడే. ఆ డిసెంబరులోనే దగ్గుతో, ఆయాసంతో ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో చేరాడు. ఎర్నెస్ట్ ఐరన్స్ అనే కుర్ర డాక్టరు అతని నెత్తురు చుక్కని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. గుండ్రంగా ఉండవలసిన ఎర్రకణాల్లో కొన్ని సాగి, వంగి, కొడవళ్ళలా ఉన్నాయి. ఐరన్స్ పై అధికారి జేమ్స్ హెరిక్ 1910లో ఆ సంగతి వైద్యపత్రికలో ప్రచురించాడు. నోయెల్ 1907లో పట్టా పుచ్చుకుని, గ్రెనడా తిరిగి వెళ్ళి, అక్కడే పళ్ళ డాక్టరుగా పనిచేసి, 1916లో న్యుమోనియాతో పోయాడు. అప్పటికి అతనికి 32 ఏళ్ళు. తన నెత్తురు వైద్యచరిత్రకెక్కిన సంగతి అతనికి తెలుసో లేదో.

తర్వాతి అధ్యాయం కాలిఫోర్నియాలో. 1949లో కాల్‌టెక్‌లో లైనస్ పౌలింగ్, హార్వే ఇటానో, మరో ఇద్దరు కలిసి ఒక ప్రయోగం చేశారు. రోగుల హిమోగ్లోబిన్‌ని, ఆరోగ్యవంతుల హిమోగ్లోబిన్‌ని విద్యుత్ క్షేత్రంలో పెడితే రెండూ వేర్వేరుగా కదిలాయి. నాలాంటి వాహకుల నెత్తుట్లో రెండు రకాలూ కనిపించాయి. అంటే రోగం మూలం ఒక అణువులో ఉందన్నమాట. "అణురోగం" అనే మాట అప్పుడే పుట్టింది. ఈ ప్రయోగంలో ముఖ్యపాత్ర ఇటానోది. జపాను దేశస్థుల బిడ్డ. 1942లో బర్కిలీలో ప్రథముడిగా నెగ్గాడు, కాని పట్టా పుచ్చుకునే వేళకి ప్రభుత్వం అతన్ని నిర్బంధ శిబిరంలో పెట్టింది. ఎవరి నెత్తురు ఎలాంటిదో చూసి మనిషికి విలువ కట్టడం ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ అణువులో తేడా ఎక్కడుందో 1956-57లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చాడు. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అనేది 146 పూసల దండ అనుకోండి. అందులో ఆరో పూస మారిపోయింది. గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వేలీన్ వచ్చి కూర్చుంది. జన్యువులో చూస్తే ఒకే ఒక్క అక్షరం తేడా. అచ్చుతప్పు! ఆ ఒక్క తప్పుతో, ప్రాణవాయువు తగ్గినప్పుడల్లా హిమోగ్లోబిన్ కడ్డీలు కట్టుకుని కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. వంగిన కణాలు సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకలు విరిగిపోతున్నంత నొప్పి వస్తుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ తప్పు ప్రతులే వస్తే ఇది జబ్బు. ఒక్కటే వస్తే నాలా, మా మనవరాలిలా వాహకులు. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఇంతవరకూ విజ్ఞానం విజయగాథే. కథ ఇక్కడే అడ్డం తిరిగింది.

తెలిసిన సంగతిని ఏం చేసుకోవాలి? 1968లో పౌలింగే ఒక సలహా ఇచ్చాడు. ఈ జన్యువున్న ప్రతి యువకుడికీ, యువతికీ నుదుటి మీద ఒక గుర్తు పచ్చబొట్టు పొడిస్తే, అలాంటి ఇద్దరు ఒకరినొకరు ప్రేమించుకోకుండా జాగ్రత్త పడతారన్నాడు. రెండు నోబెళ్ళ మహానుభావుడు, అణ్వస్త్రాలకి ఎదురు నిలిచిన శాంతివాది. బిడ్డల బాధ తప్పించాలనే అన్నాడు. కాని మనం మాటవరసకి అనే నుదుటి రాతని ఆయన నిజంగానే రాయమన్నాడు!

పచ్చబొట్లు ఎవరూ పొడవలేదు. అలాంటి పనులు మాత్రం జరిగాయి. తెల్లపిల్లలకి వచ్చే ఇలాంటి జబ్బులతో పోలిస్తే దీని పరిశోధనకి విదిలిస్తున్నది ఎంత తక్కువో 1970లో వర్జీనియా డాక్టర్ రాబర్ట్ స్కాట్ లెక్కలు చూపించాడు. బ్లాక్ పాంథర్లు పేటల్లో తామే పరీక్షలు మొదలుపెట్టారు. 1972లో నిక్సన్ ప్రత్యేక చట్టం మీద సంతకం పెట్టాడు. ఈలోగా చాలా రాష్ట్రాలు నల్లవాళ్ళకి నిర్బంధ పరీక్షలు పెట్టాయి. బడిలో చేరాలంటే పరీక్ష, కొన్నిచోట్ల పెళ్ళి లైసెన్సుకి పరీక్ష. చట్టాలు రాసినవాళ్ళే వాహకుడికీ రోగికీ తేడా తెలుసుకోలేదు. ఉద్యోగాలు పోయాయి, బీమా రుసుములు పెరిగాయి. వైమానిక దళ అకాడెమీ 1981 వరకూ వాహకులని చేర్చుకోలేదు. అక్షరం తప్పు నెత్తుట్లో ఉంది, శిక్ష మాత్రం నుదుటి మీద పడింది.

మా ఆవిడ "ఎవరికీ చెప్పకండి" అన్నది ఈ చరిత్ర తెలిసి కాదు. కాని ఆ భయానికి పుట్టినిల్లు ఇదే.

ఇక "నల్లవాళ్ళ జబ్బు" సంగతి. 1952లో లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు పరిశోధకులు నీలగిరి కొండల్లో ఆదివాసుల నెత్తురు పరీక్షిస్తే ఇదే కొడవలి కణం కనిపించింది. తర్వాత మధ్య భారతం పొడుగునా, మన ఆదిలాబాదు గోండుల్లో, విశాఖ, శ్రీకాకుళం ఏజెన్సీల్లో కనిపించింది. ఎక్కడ మలేరియా తిష్ఠ వేసిందో అక్కడ ఇదీ ఉంది. ఎందుకో 1954లో ఆంథొనీ ఆలిసన్ చెప్పాడు. ఒక్క ప్రతే ఉన్నవాడిని మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. అంటే ఇది జాతి ముద్ర కాదు, దోమ ముద్ర. మాది పార్వతీపురం దగ్గర కొండ కింద పల్లె. మన్యం జ్వరానికి మా ముత్తాతల్లో ఎందరు పోయారో, ఈ అచ్చుతప్పు పుణ్యాన ఎవరు బతికి బట్టకట్టారో! నేను ఇవాళ షికాగోలో కూర్చుని ఇది రాయడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

వైద్యం మాటేమిటి? 1948లో బ్రూక్లిన్‌లో పిల్లల డాక్టరు జానెట్ వాట్సన్ ఒక చిన్న విషయం గమనించింది. జబ్బున్న బిడ్డలు కూడా పుట్టిన కొత్తలో బాగానే ఉంటారు, ఎందుకంటే కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ వాళ్ళని కాపాడుతోంది. దాన్ని పెద్దయ్యాక కూడా నడిపించగలిగితే? ఆ ప్రశ్నకి మొదటి జవాబు హైడ్రాక్సీయూరియా అనే మాత్ర. దాన్ని అమెరికాలో ఈ జబ్బుకి 1998లో అనుమతించారు. రోగులు రోజూ వేసుకునే మరో మాత్రలో మన వాటా ఉంది. ఈ జబ్బులో ఎర్రకణం 120 రోజులు బతకవలసింది పది ఇరవై రోజుల్లోనే రాలిపోతుంది. కొత్తవి తయారవడానికి ఫోలిక్ ఆమ్లం ఎక్కువ కావాలి. ఆ ఆమ్లాన్ని 1945లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

అసలు మీట 2008లో దొరికింది. పిండదశ హిమోగ్లోబిన్‌ని ఆపేసేది బీసీఎల్11ఏ అనే జన్యువని బోస్టన్‌లో విజయ్ శంకరన్, స్టూవర్ట్ ఆర్కిన్ బృందం చూపించింది. ఇక ఆ మీటని ఎర్రకణాల వంశంలో కట్టేస్తే చాలు. 2019లో మిసిసిపీకి చెందిన విక్టోరియా గ్రే అనే నలుగురు బిడ్డల తల్లికి నాష్‌విల్‌లో ఆ చికిత్స చేశారు. ఆమె మూలకణాలు బయటికి తీసి, క్రిస్పర్ కత్తెరతో ఆ మీట దగ్గర కోసి, కీమోథెరపీతో మజ్జని ఖాళీ చేసి, దిద్దిన కణాలని తిరిగి ఎక్కించారు. అచ్చుతప్పుని దిద్దలేదు చూడండి, పక్కన పెట్టేసిన పాత పేజీని మళ్ళీ తెరిచారు. నొప్పితో ఆసుపత్రుల చుట్టూ తిరిగిన మనిషి మామూలు బతుకులో పడింది.

2023 డిసెంబరు 8న ఈ చికిత్సకి "కాస్‌జెవీ" పేరుతోనూ, కొత్త జన్యువుని చేర్చే మరో చికిత్సకి "లిఫ్‌జెనియా" పేరుతోనూ అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటి దాని ధర 22 లక్షల డాలర్లు, రెండో దానిది 31 లక్షలు. కారణం తెలిసిన 74 ఏళ్ళకి వైద్యం వచ్చింది, వచ్చాక అందనంత ఎత్తున కూర్చుంది. మన రూపాయల్లో పద్దెనిమిది కోట్ల పైమాటే. పార్వతీపురం మన్యంలో పోడు కొట్టుకునే తండ్రికి ఆ అంకె ఎలా చెప్పాలి?

అక్కడా కొంత కదలిక వచ్చింది. 1998లో హైదరాబాదులో తలసీమియా, సికిల్ సెల్ రోగుల కోసం ఒక సంఘం వెలిసింది. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన పథకం మొదలుపెట్టింది. ఏడు కోట్ల మందిని పరీక్షించి, జన్యుస్థితి తెలిపే కార్డులిస్తామన్నారు. 2025 నవంబరులో మన దేశంలోనే తయారైన క్రిస్పర్ చికిత్సని "బిర్సా 101" పేరుతో ప్రకటించారు. అది రోగులకి చవకగా అందే రోజు కోసం ఎదురుచూద్దాం. ఈలోగా చేతిలో ఉన్నది కార్డే.

ఆ కార్డు చూస్తే నాకు సంతోషమూ, గుబులూ రెండూ కలుగుతాయి. ఇద్దరు వాహకులు ముందే తెలుసుకుంటే, ఏం చెయ్యాలో వాళ్ళే ఆలోచించుకుంటారు. మంచిదే. కాని ఆ కార్డు చూసి పిల్లని కాదంటే అది పౌలింగు గారి పచ్చబొట్టే కదా? తేడా కార్డులో లేదు, చదివేవాళ్ళలో ఉంది. అసలు దాచుకోవలసింది ఏముందని? మనం గోత్రాలు చూస్తాం, నక్షత్రాలు చూస్తాం, వరసలు కలుస్తాయా అని చూస్తాం. మేనరికం అయితే మరీ సంతోషం. ఆ మేనరికంలో ఒకే తాత నెత్తుటి తప్పు రెండు వైపుల నుంచీ కలిసి వచ్చే అవకాశం ఎక్కువని మాత్రం చూడం.

ఊళ్ళో మా తమ్ముడి కూతురికి సంబంధాలు చూస్తున్నారు. మా మేనత్త మనవడితోనే మాటలు నడుస్తున్నాయని విన్నాను. పోయిన ఆదివారం ఫోన్ చేసి, నా నెత్తుటి సంగతి మొత్తం చెప్పాను. నువ్వు ఒకసారి, పిల్ల ఒకసారి, ఆ అబ్బాయి ఒకసారి పరీక్ష చేయించుకోండిరా అన్నాను. పక్క గదిలోంచి మా ఆవిడ వింటోంది, ఆపలేదు.

అవతల చాలాసేపు మాట లేదు. లైను పోయిందనుకున్నాను.

"ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు అన్నయ్యా?" అన్నాడు.