ఎరుపూ తెలుపూ పెట్టే పరీక్ష

"మాస్టారూ, ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని ఉంది, తొలి కెమెరా ఏది కొనమంటారు?" అని నా పూర్వవిద్యార్థులు అప్పుడప్పుడు అడుగుతూంటారు. తెలుగు పండితుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదు గాని, గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెలలో ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ణి గనుక నాకు తోచిన మాట ఒకటున్నది. మన నేల మీద ఏ కెమెరాకైనా పరీక్షాధికారులు ఇద్దరు: ఒకరు పత్తి, రెండవవారు మిరప. ఆ పరీక్షలో కెమెరా ఎన్నిమార్లు తప్పినదో తెలుసుకుంటే ఏది కొనాలో దానంతటదే తేలుతుంది.

ముందుగా మాటను చూద్దాం. లాటినులో 'కెమెరా' అంటే గది. 'కెమెరా అబ్‌స్క్యూరా' అంటే చీకటి గది. ఆ గదిలో పుట్టిన బొమ్మకు మనవారు ఛాయాచిత్రమని పేరుపెట్టారు. ఛాయ అంటే నీడ ఒక్కటే కాదు, కాంతి కూడా, రంగు కూడా. మేనిఛాయ అన్నప్పుడు మన ఉద్దేశం రంగే కదా! అయితే తొలినాటి యంత్రానికి నీడ చిక్కిందే గాని రంగు చిక్కలేదు.

మన అమరావతి కథే ఇందుకు తార్కాణం. 1816లో కర్నల్ మెకంజీ బృందం అక్కడి శిల్పాలను చేతితో గీసింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరాయి. వాటిని 1858లో లిన్నేయస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. రాయి కదలదు, దానికి రంగుతో అంతగా పని లేదు. అందుచేత ఆనాటి పరికరం ఆ పనికి చక్కగా సరిపోయింది.

అదే పరికరాన్ని మిరప కల్లం ముందు నిలబెట్టి ఉంటే? ఎర్రని రాశి నల్లని బొగ్గుకుప్పలా కనిపించేది. ఆనాటి రసాయనాలకు నీలం, ఊదా కాంతులే ప్రధానంగా తెలుసు. 1873లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మాన్ ఫోగెల్ రంగుమందులు కలిపి వాటికి పసుపు, ఆకుపచ్చలను కూడా చూపించాడు గాని, ఆ తరహా ఫలకాలకు ఎరుపు కానరాలేదు. స్టూడియో చీకటిగదిలో ఎర్రదీపం వెలిగించుకొని పనిచేయగలిగినది అందుకే. ఎరుపును కూడా గ్రహించే ఫలకాలు 1906లో అమ్మకానికి వచ్చాయి. అయినా కాగితం మీద అది బూడిదరంగే. 1907లో ల్యూమియేర్ సోదరుల ఆటోక్రోమ్, 1935లో కొడాక్రోమ్ వచ్చాక గాని ఎరుపు ఎరుపుగా నిలవలేదు.

మన దేశంలో ఎందరికో తొలి కెమెరా వడోదరలో తయారైన ఆగ్ఫా క్లిక్-3. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు. ఒక రీలుకు 12 బొమ్మలు. ఆ 12నూ లెక్కపెట్టుకొని పెళ్ళికి, అన్నప్రాసనకు, గృహప్రవేశానికి దాచుకొనేవారు. కల్లంలో చేతులు మండుతున్నా తొడిమలు తీసే స్త్రీల మీద, పత్తి తీతకు వంగిన నడుముల మీద ఒక్క బొమ్మ ఖర్చుపెట్టినవారు నా ఎరుకలో అరుదు. మా ఊళ్ళ ఆల్బములలో పట్టుచీరలున్నాయి, పని లేదు. రీలు ఖరీదు మన చరిత్రలో అంత ఖాళీని వదిలింది.

డిజిటల్ వచ్చి ఆ ఖర్చు తీసివేసింది గాని పరీక్షను రద్దు చేయలేదు. 1976లో పేటెంటు పొందిన బ్రైస్ బేయర్ అమరికే నేటికీ చాలా కెమెరాలకు ఆధారం. అందులో సగం గళ్ళు ఆకుపచ్చకు, పావు నీలానికి, పావు మాత్రమే ఎరుపుకు. మిట్టమధ్యాహ్నం ఎండలో మిరపరాశిని తీస్తే ఎరుపు గళ్ళు ముందే నిండిపోతాయి. కాయ ముడతలు, మెరుపు మాసిపోయి ఒక ఎర్రముద్ద మిగులుతుంది. పత్తి మరొక చిక్కు. వెలుగును కొలిచే మీటరు లోకమంతా ఓ మోస్తరు బూడిదరంగని నమ్ముతుంది. కంటినిండా పత్తిరాశి ఉంటే దానిని మురికిగా చూపుతుంది. నల్లరేగడిలో నాలుగు పత్తికాయలు విచ్చి ఉంటే నేలను తెలుపు చేయబోయి పత్తిని మాడ్చివేస్తుంది.

కాబట్టి మెగాపిక్సెళ్ళ సంఖ్య చూసి మోసపోవద్దు. వెలుగును మన ఇష్టప్రకారం పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ చేతికి సులువుగా అందుతున్నదా, 'రా' ఫైలు దాచుకోనిస్తుందా అని చూడండి. ఈ రెండూ ఉంటే పాతదైనా, ఒకరు వాడి అమ్మినదైనా చాలు. దుకాణానికి వెళ్ళేటప్పుడు నాలుగు ఎండుమిరపకాయలు, గుప్పెడు పత్తి సంచిలో వేసుకెళ్ళండి. వాకిట ఎండలో పెట్టి తీసి చూడండి. కాయ మీద ముడత, పత్తిలో పోగు కనిపిస్తే ఆ కెమెరా మన నేలకు పనికివస్తుంది.

కొన్న తరువాత మాత్రం తొలి బొమ్మ గుడి గోపురానిది కానక్కరలేదు. మాఘ ఫాల్గుణాలలో ఏ కల్లానికైనా వెళ్ళి, అక్కడి అమ్మలను అడిగి, వారు సరేనంటేనే తీయండి. ఒక ప్రతి అచ్చు వేయించి వారి చేతికివ్వడం మరువకండి. మా తరం లెక్కపెట్టుకొని వదిలేసిన పుట అది.