గాజు గుట్టు

మనకి గాజు అంటే ముందు చేతి గాజే గుర్తొస్తుంది. ఆ తరవాత కిటికీ అద్దం, సీసా. గాజుతో శిల్పాలు చేస్తారంటే మా అమ్మ "పగిలిపోవూ?" అంది. ఒహాయోలోని టొలీడోలో కాంట్రాక్టు పడేదాకా నాకూ అంతకుమించి తెలీదు.

ఆ ప్రాజెక్టు ముగింపుకొచ్చింది. నా పని ఇంకొకరికి అప్పగించాలి. మా వృత్తిలో దీన్ని 'నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్' అంటారు. అంటే మన కుర్చీలో కూర్చోబోయేవాడికి మనమే పని నేర్పి, లేచి వెళ్ళిపోవడమన్నమాట! ఇలాంటప్పుడు నేను పాటించే సూత్రం ఒకటుండేది: అన్నీ చెప్పు, ఒక్కటి దాచుకో.

శనివారం ఏమీ తోచక అక్కడి ఆర్ట్ మ్యూజియం వాళ్ళ గ్లాస్ పెవిలియన్‌కి వెళ్ళాను. 2006లో తెరిచిన ఆ భవనానికి గోడలు కూడా గాజువే. లోపల కొలిమి ముందు ఒకావిడ ఇనుప గొట్టం చివర ఎర్రగా కాలిన గాజు ముద్దని తిప్పుతూ, ఊదుతూ, తను చేసే ప్రతి పనీ మాకు విడమరిచి చెబుతోంది. ఇంత బాహాటంగానా అనుకున్నాను. ఆ తరవాత చదివితే తెలిసింది, ఈ కళ చరిత్రంతా ఆ 'బాహాటం' గురించేనని.

1291లో వెనిస్ ప్రభుత్వం గాజు కొలుముల్ని మురానో దీవికి తరలించింది. ఊరు తగలబడుతుందన్న భయం ఒక కారణం. పనివాళ్ళమీద కన్నేసి ఉంచడానికి కూడా ఆ దీవి బాగా పనికొచ్చింది. పని తెలిసినవాడు అనుమతి లేకుండా దేశం దాటితే నేరం. కొలిమి కబుర్లు ఇల్లు దాటేవి కావు.

ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో గుట్టు ఫ్యాక్టరీ గోడల వెనక ఉండేది. బొమ్మ గీసేది ఒకరు, గాజు ఊదేది ఇంకొకరు. హార్వే లిటిల్టన్‌కి ఇది నచ్చలేదు. ఆయన తండ్రి కార్నింగ్ గాజు కంపెనీలో భౌతిక శాస్త్రవేత్త. ఈయన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కుండల కళ నేర్పే ప్రొఫెసరు. ఒక కళాకారుడు తన షెడ్డులో, తన చేతులతో గాజుని మలచుకోలేడా అన్నది ఆయన ప్రశ్న.

1962 మార్చిలో ఈ టొలీడో మ్యూజియం ఆవరణలోనే ఒక గరాజులో చిన్న కొలిమి పెట్టి, కొద్దిమందితో ప్రయత్నం మొదలెట్టారు. మొదట గాజు సరిగ్గా కరగలేదు. ఫైబర్‌గ్లాస్ పరిశోధకుడు డొమినిక్ లబీనో, తమ కంపెనీ వాడే గాజు గోలీలు తెప్పించి కరిగించమన్నాడు. గాజు సిద్ధమైంది. తీరా చూస్తే సరిగ్గా ఊదడం ఎవరికీ రాదు! అప్పుడు లిబీ గాజు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన హార్వే లీఫ్‌గ్రీన్ వచ్చి, గొట్టం అందుకుని చూపించాడు. 'స్టూడియో గ్లాస్' ఉద్యమానికి తండ్రిగా లిటిల్టన్ పేరు చెబుతారు. నాకు మాత్రం ఆ రిటైరైన కార్మికుడి దగ్గర మనసు ఆగిపోయింది.

లిటిల్టన్ శిష్యుల్లో ఒకడు డేల్ చిహూలీ. 1968లో మురానో వెళ్ళి వెనీనీ ఫ్యాక్టరీలో పని చూశాడు. 1971లో సియాటిల్‌కి ఉత్తరాన అడవిలో మొదలైన పిల్చక్ గాజు పాఠశాల స్థాపకుల్లో ఆయన ఒకడు. 1979లో అక్కడికి మురానో నించి లీనో తాల్యాపియెత్రా వచ్చాడు. ఇరవై ఒక్క ఏళ్ళకే 'మాయెస్ట్రో' అనిపించుకున్న ఘనుడు. ఏడు వందల ఏళ్ళు దాచిన విద్యని పరాయి పిల్లల ముందు విప్పి పెట్టాడు. సొంత ఊళ్ళో కొందరు మండిపడ్డారు. అయినా మళ్ళీ మళ్ళీ వచ్చి నేర్పాడు.

తలుపు తెరిచాక గాజు గిన్నెల దగ్గరే ఆగలేదు. థర్మన్ స్టాటమ్ పలక గాజుతో నిచ్చెనలు, కుర్చీలు, ఇళ్ళు కట్టి, వాటిమీద రంగులు వేసి, దొరికిన వస్తువులు చేర్చాడు. జినీ రఫ్‌నర్ దీపపు మంటమీద మలచిన గాజుకి రంగూ లోహమూ జోడించింది. 1991లో కారు ప్రమాదం జరిగి, వారాల తరబడి కోమాలో ఉండి, నడక, మాట మళ్ళీ నేర్చుకుని పనిలోకి దిగింది. 2019లో వాషింగ్టన్‌లోని రెన్విక్ గ్యాలరీలో ఆమె గాజు చెట్ల మోళ్ళ ముందు ఫోను పట్టుకుంటే, తెరమీద వాటిలోంచి కొత్త మొక్కలు మొలిచేవి. ఆ మొక్కల వెనక ఉన్నది మా సాఫ్ట్‌వేరే! ఆమె 2025లో కన్నుమూసింది.

ఇదంతా చదువుతుంటే మా శ్రీకాళహస్తికి దగ్గర్లోని పాపానాయుడుపేట గుర్తొచ్చింది. కొలిమిలోంచి గాజుని సన్నటి గొట్టంలా చేత్తో లాగి, ముక్కలు కోసి పూసలు చేసేవాళ్ళు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట అరికమేడులో వాడిన పద్ధతి అదేనని పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ రాశాడు. చిన్నప్పుడు ఆ దారినే బస్సులో ఎన్నోసార్లు వెళ్ళాను. ఒక్కసారీ దిగి చూడలేదు. అరికమేడు పూసలు లోకమంతా తిరిగాయి. లాగిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఆ సోమవారం నేను దాచుకున్న ఆ ఒక్కటీ నా తరవాతి కుర్రాడికి చెప్పేశాను. రెండు గంటలు పట్టింది. నా కాంట్రాక్టు పొడిగించలేదు. మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాను. "చెప్పకపోతే ఉంచేవారేమో" అంది మా ఆవిడ. ఏమో, ఉంచేవారేమో! కానీ ఆ లీఫ్‌గ్రీన్ కూడా "నాకెందుకు" అనుకుని ఇంట్లోనే ఉండిపోయి ఉంటే, ఆ గరాజులో గోలీలు కరిగి, మళ్ళీ గడ్డకట్టి ఉండేవి.